ఫోనులో దుకాణము – తాళము ఎవరి చేతిలో?



పూర్వము మన గ్రామములలో ఒకరి సరుకు మంచిదని తెలియుటకు నోటి మాట చాలెడిది. ఫలానా ఇంటి ఆవకాయ ఏడాదియైనను చెడదనియు, ఫలానా వడ్రంగి చేసిన మంచము కదలదనియు ఊరంతయు ఎరుగును. అయితే ఆ మాట ఊరి పొలిమేర దగ్గర ఆగిపోయెడిది. నేడు మన పిల్లలు హైదరాబాదులోను, బెంగుళూరులోను, గల్ఫు దేశములలోను, అమెరికాలోను ఉన్నారు. ఊరి సరుకు కావలెనని మనసు పుట్టినప్పుడు వారి చేయి మొదట పోవునది జేబులోని ఫోను మీదికే. ఆ ఫోనులో మన ఊరి మనిషి కనబడనియెడల, కనబడిన వేరొకరి యొద్ద కొందురు. ఇందులో వారి తప్పేమియు లేదు.

గనుక అనేకులు మమ్మును అడుగుచున్నారు: "అయ్యగారూ, మా పనికి కూడ ఒక వెబ్‌సైటు పెట్టించుకొనవలెనా? ఎంత ఖర్చగును? ఎవరిని నమ్మవలెను?" పాస్టరును ఇట్టి ప్రశ్న అడుగుట వింతగా తోచవచ్చును. కాని గ్రామములో అర్జీ వ్రాయించుకొనుటకైనను, బ్యాంకు కాగితము చదివించుకొనుటకైనను మా గడపకే వచ్చుచుందురు. సంఘములోని చదువుకొన్న యౌవనస్థులతో కూర్చుండి మేము నేర్చుకొన్నంతవరకు ఇక్కడ సూటిగా వ్రాయుచున్నాము.

నరసాపురపు లేసు నేర్పు పాఠము

పశ్చిమ గోదావరి జిల్లాలోని నరసాపురము లేసును గూర్చి మనలో చాలమంది వినియున్నారు. 19వ శతాబ్దములో మిషనరీ కుటుంబముల ద్వారా ఈ అల్లిక డెల్టా గ్రామముల స్త్రీలకు అందినది. వంట పనికిని పిల్లల పనికిని మధ్య దొరికిన వేళలో, ఇంటి అరుగు మీద కూర్చుండి వారు అల్లిన లేసు సముద్రములు దాటి విదేశీయుల ఇండ్లలో బల్లల మీద పరచబడినది. 2024లో ఈ లేసుకు భౌగోళిక గుర్తింపు కూడ వచ్చినది.

అయితే అల్లిన చేతులకు ఏమి దక్కినది? మరియా మీస్ అను జర్మను పండితురాలు ఈ స్త్రీలను గూర్చి ఇంగ్లీషులో వ్రాసిన పుస్తకము 1982లో వెలువడినది. అల్లినవారికి దక్కినది బహు స్వల్పమైన కూలి అనియు, లాభము మధ్యవర్తులకును ఎగుమతిదారులకును చేరుచుండెననియు ఆమె అందులో చూపించారు. ఆ స్త్రీలను పనివారిగా గాక, తీరిక వేళ ఏదో అల్లుకొను గృహిణులుగా లెక్కించుటయు దీనికి ఒక కారణమని ఆమె చెప్పారు.

ఈ సంగతిని మనము జాగ్రత్తగా ఆలోచించవలెను. అల్లిన చేతికి కొనువారి చిరునామా తెలియదు. కొనువారికి అల్లిన చేతి పేరు తెలియదు. ఆ ఇద్దరి మధ్య నిలిచినవారే ధర నిర్ణయించెడివారు. లేసే గాదు, చేనేతయైనను, కొయ్యబొమ్మయైనను, పచ్చడియైనను కథ ఇంచుమించు ఇదే.

వెబ్‌సైటు అనునది ఆ మధ్యగోడలో పెట్టదగిన ఒక తలుపు. అయితే తలుపు చేసిన వడ్రంగియే తాళము తన జేబులో వేసికొని పోయినయెడల, పాత ఏజెంటు స్థానములో కొత్త ఏజెంటు వచ్చినట్లే గదా! ఈ వ్యాసములో మేము ముఖ్యముగా చెప్పగోరునది ఈ ఒక్క మాటయే.

పెద్ద తెర నుండి చిన్న తెరకు

మొట్టమొదటి వెబ్‌సైటును జెనీవా యొద్ద గల సెర్న్ పరిశోధనాలయములో టిమ్ బెర్నర్స్-లీ అను శాస్త్రవేత్త కట్టి, 1991 ఆగస్టులో లోకమునకు తెలియజేశారు. మన దేశములో సామాన్య ప్రజలకు ఇంటర్నెట్ 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ వారి ద్వారా వచ్చినది. ఆ దినములలో వెబ్‌సైటులన్నియు కంప్యూటరు తెర కొరకే కట్టబడెడివి. అట్టి పేజీని చిన్న ఫోనులో తెరచినయెడల అక్షరములు చీమలవలె కనబడును. వేళ్లతో పెద్దది చేసి, ప్రక్కకు జరుపుచు చదువుకొనవలసివచ్చును.

2010లో ఈథన్ మార్కాట్ అను అమెరికా రూపకర్త దీనికి ఒక మార్గము చూపుచు వ్యాసము వ్రాశారు. ఒకే పేజీ తెర వెడల్పును బట్టి తన్ను తాను సర్దుకొనునట్లు కట్టవచ్చునని ఆయన చెప్పారు. నీళ్లు చెంబులో చెంబు ఆకారమును, బిందెలో బిందె ఆకారమును పొందునట్లే ఇదియును. నేడు మంచి సైటులన్నియు ఈ పద్ధతిలోనే కట్టబడుచున్నవి. ఫోనుకు వేరొక సైటు అక్కరలేదు.

2016 సెప్టెంబరులో జియో సేవలు మొదలైన తరువాత మన దేశములో డేటా చౌక అయినది. పొలము గట్టున కూడ ఫోనులో వీడియోలు చూచుట మొదలైనది. అదే సంవత్సరము అక్టోబరులో ప్రపంచమంతటను ఫోనులు, ట్యాబ్లెట్ల మీద వెబ్ చూచుట కంప్యూటర్ల మీద చూచుటను మించినదని స్టాట్‌కౌంటర్ సంస్థ ప్రకటించినది.

గూగుల్ కూడ దీనిని బట్టి నడచుచున్నది. 2015 ఏప్రిల్ 21 నుండి, ఫోనులో వెదకువారికి ఫోనులో చక్కగా చదువదగిన పేజీలను ముందు చూపుట ఆరంభించినది. 2024 జూలై 5 తరువాతనైతే ఫోనులో అసలు తెరచుకొనని సైటును తన లెక్కలోనికే తీసికొనుట మానినది. గనుక మీకెవరైనను కంప్యూటరు తెర మీద అందమైన సైటు చూపి "బాగున్నదా?" అని అడిగినయెడల, "మా ఫోనులో చూపు నాయనా" అని అడుగుడి.

మోయలేని బరువు పెట్టవద్దు

మేము చూచిన సైటులలో ఎక్కువగా కనబడిన లోపము బరువు. ఈ కాలపు ఫోనుతో తీసిన ఒక్క ఫోటో మూడు నాలుగు మెగాబైట్లు ఉండును. నాలుగేసి మెగాబైట్ల ఫోటోలు పది పెట్టినయెడల పేజీ 40 మెగాబైట్లగును. సిగ్నలు బలహీనముగా ఉండి, సెకనుకు ఒక మెగాబిట్టు చొప్పున వచ్చుచోట ఆ పేజీ పూర్తిగా తెరచుకొనుటకు అయిదు నిమిషములకు పైగా పట్టును. అంతసేపు ఎవరు కనిపెట్టుకొని ఉందురు? అవే ఫోటోలను ఒక్కొక్కటి 150 కిలోబైట్లకు తగ్గించినయెడల పదియు కలిపి ఒకటిన్నర మెగాబైట్లగును. పండ్రెండు సెకనులలో వచ్చివేయును. చిన్న తెర మీద ఈ రెంటికిని తేడా కన్నుకు ఇంచుమించు తెలియదు. ఫోటోలను తగ్గించు సాధనములు ఉచితముగానే దొరకుచున్నవి.

పేజీలోని ముఖ్యభాగము రెండున్నర సెకనులలోపుగా కనబడవలెనని గూగుల్ వారు ఒక కొలత పెట్టుకొన్నారు. పేజ్‌స్పీడ్ ఇన్‌సైట్స్ అను వారి ఉచిత సాధనములో మీ సైటు పేరు వ్రాసినయెడల అది ఎంత వేగముగా తెరచుకొనుచున్నదో చూపును. దానికంటె సులువైన పరీక్ష మరియొకటి గలదు. ఇంటిలో ఉన్న అన్నిటికంటె పాత ఫోను తీసికొని, వైఫై లేనిచోట, బస్టాండులో నిలువబడి తెరచి చూడుడి. అక్కడ తెరచుకొన్నయెడల ఎక్కడనైనను తెరచుకొనును.

ఆ చిన్న పేజీలో ఏమి ఉండవలెను?

పది పేజీల సైటు అక్కరలేదు. చిన్న వ్యాపారమునకు ఒక్క పేజీ చాలును. అందులో ఈ సంగతులు ఉండవలెను:

1. ఏమి అమ్ముచున్నారు, ఎక్కడ అమ్ముచున్నారు అనునది మొదటి రెండు వరుసలలోనే. "నాణ్యతకు మారుపేరు" అని వ్రాసి ప్రయోజనము లేదు. "చేతితో అల్లిన లేసు బల్లగుడ్డలు, నరసాపురము" అని వ్రాసినయెడల మనుష్యులకును తెలియును, గూగుల్‌కును తెలియును.

2. ముట్టుకొనగానే ఫోను మ్రోగు నంబరు. నంబరును బొమ్మలో వ్రాసినయెడల చూచినవాడు దానిని కాగితము మీద వ్రాసికొని మరల నొక్కవలెను. దానిని అక్షరములుగా వ్రాసి, ముట్టుకొన్నంతనే కాల్ వెళ్లునట్లు చేయవచ్చును. వాట్సాప్‌కు కూడ అట్లే. నొక్కవలసిన గుర్తు పొలము పని చేసిన వేలికి కూడ అందునంత పెద్దదిగా ఉండవలెను.

3. ధర. పంపు ఖర్చుతో కలిపి ఎంతో స్పష్టముగా వ్రాయుడి. "ధరకు ఫోను చేయండి" అని వ్రాసినచోట అనేకులు వెనుకకు మరలుదురు.

4. అమ్మువారి పేరు, చిరునామా. 2020లో వచ్చిన ఇ-కామర్స్ వినియోగదారుల రక్షణ నియమములు కూడ అమ్మువారు తమ పేరును, చిరునామాను, ఫిర్యాదు చెప్పుకొను మార్గమును తెలియజేయవలెనని చెప్పుచున్నవి. తినుబండారములు అమ్మువారు ఫుడ్ సేఫ్టీ రిజిస్ట్రేషను తీసికొని ఆ నంబరు చూపవలెను.

5. నిజమైన ఫోటోలు. ఎక్కడినుండియో తెచ్చిన బొమ్మలు వద్దు. కిటికీ ప్రక్కన పగటి వెలుగులో, తెల్లని దుప్పటి మీద సరుకు పెట్టి తీసిన ఫోటో చాలును. చూపినది ఒకటి, పంపినది ఒకటి అయినయెడల ఆ కొనినవాడు మరల రాడు. మరి పదిమందిని రానియ్యడు.

తెలుగు అక్షరములను గూర్చి ఒక మాట. మన ప్రెస్సులలో కరపత్రములు అను ఫాంట్లలో కంపోజు చేయుదురు. ఆ వ్రాతను యథాతథముగా సైటులో అతికించినయెడల గజిబిజి గుర్తులు కనబడును. దానిని బొమ్మగా పెట్టినను, వెదకువారికి దొరకుట కష్టము. ఫోనులో మనము టైపు చేయు తెలుగు యూనికోడ్ తెలుగు. 1991లో వచ్చిన యూనికోడ్ మొదటి రూపములోనే మన లిపికి చోటు దొరకినది. సైటులో వ్రాయునది ఆ యూనికోడ్ తెలుగులోనే వ్రాయుడి.

తాళము ఎవరి చేతిలో?

ఇప్పుడు ముఖ్య సంగతికి వచ్చుచున్నాము. వెబ్‌సైటులో రెండు భాగములు గలవు. ఒకటి దాని పేరు. దానిని డొమైన్ అందురు. రెండవది ఆ పేజీలు ఉంచు చోటు. దానిని హోస్టింగ్ అందురు. పేరు ఇంటి పట్టా వంటిది. చోటు అద్దె గది వంటిది. అద్దె గది నచ్చనియెడల వేరొక గదికి మారవచ్చును. పట్టా వేరొకరి పేర నున్నయెడల ఎక్కడికిని కదలలేము.

మాకు తెలిసిన ఒక సహోదరి పచ్చళ్లు పెట్టి అమ్ముచుండెను. పట్టణములో ఒకతను ఆమెకు సైటు కట్టి ఇచ్చెను. డొమైన్ మాత్రము తన ఈమెయిలు మీద, తన పేర తీసికొనెను. ఆమె ఆ పేరును సీసాల చీటీల మీద, సంచుల మీద అచ్చు వేయించుకొనెను. రెండవ సంవత్సరమున రెన్యూవలుకు అతడు మూడింతల సొమ్ము అడిగెను. ఇవ్వలేనని చెప్పగా సైటు ఆగిపోయెను. కొనువారు పేరు నొక్కి చూచి, వ్యాపారము మూతపడినదనుకొనిరి. ఆమె కొత్త పేరు తీసికొని, చీటీలన్నియు మరల అచ్చు వేయించుకొనవలసివచ్చెను. ఆమె చేతి రుచిలో లోపమేమియు లేదు. కాగితము ఆమె పేర లేదు, అంతే.

డొమైన్ పేరుకు సంవత్సరమునకు సాధారణముగా కొన్ని వందల రూపాయలే అగును. 'డాట్ ఇన్' అను చివర గల పేర్లు నేషనల్ ఇంటర్నెట్ ఎక్స్ఛేంజ్ ఆఫ్ ఇండియా అజమాయిషీలో ఉన్నవి. తెలుగు లిపిలోనే 'డాట్ భారత్' అని ముగియు పేరు కూడ దొరకును. ఏది తీసికొన్నను మీ పేర, మీ ఈమెయిలు మీద, మీ ఫోను నంబరు మీద తీసికొనుడి. గడువు తేదీని ఇంటి క్యాలెండరు మీద వ్రాసికొనుడి.

ఉచితముగా ఇచ్చువారి యొద్ద కట్టుకొన్న సైటును గూర్చియు జాగ్రత్త వహింపవలెను. గూగుల్ సంస్థ చిన్న వ్యాపారులకు తమ బిజినెస్ ప్రొఫైల్ నుండియే ఉచితముగా ఒక చిన్న సైటు కట్టుకొను వీలు ఇచ్చియుండెను. 2024 మార్చిలో ఆ సైటులన్నిటిని ఆపివేసినది. కొంతకాలము వరకు ఆ పాత చిరునామా నొక్కినవారిని ప్రొఫైల్‌కు మళ్లించి, జూన్ 10 తరువాత అదియును మానినది. ఉచితమైనది చెడ్డదని మా భావము కాదు. స్వంత డొమైన్ పేరు పెట్టుకొన్నవారు దానిని వేరొక చోటికి త్రిప్పుకొనగలిగిరి. ఉచితముగా వచ్చిన పేరునే సంచుల మీద అచ్చు వేయించుకొన్నవారికి ఆ సంచులు వ్యర్థమైనవి.

నలుగురికి తెలియుట ఎట్లు?

సైటు కట్టుట సగము పనియే. అడవిలో దుకాణము పెట్టినయెడల ఎవరు వత్తురు? దారి చూపవలెను.

మొదటిది, గూగుల్ మ్యాపులో మీ దుకాణమును చేర్చుట. దీనికి గూగుల్ సొమ్ము పుచ్చుకొనదు. సైటులోను, మ్యాపులోను, చీటీ మీదను పేరు, చిరునామా, ఫోను నంబరు ఒకే విధముగా ఉండవలెను. పని వేళలు సరిగా వ్రాయవలెను. ఆదివారము మూసియుంచువారు ఆ మాట తప్పక వ్రాయవలెను; దూరము నుండి వచ్చి తలుపు మూసి చూచినవాని ఆయాసము మనకు తెలియును గదా!

రెండవది, క్యూఆర్ కోడు. దానిని సంచి మీద, సీసా మీద, ఆటో వెనుక అంటించినయెడల ఫోనుతో చూచినవారు నేరుగా మీ పేజీకి వత్తురు. మూడవది, వాట్సాప్. 2018 నుండి చిన్న వ్యాపారుల కొరకు వాట్సాప్ బిజినెస్ అను ప్రత్యేక యాప్ ఉన్నది. అందులో సరుకుల పట్టిక పెట్టి, సైటు చిరునామా జతచేయవచ్చును. అయితే అడుగనివారికి దినమునకు పది సందేశములు పంపవద్దు. కొనినవారి నంబర్లను ఇతరులకు ఇయ్యవద్దు. ఇట్టి వివరములను కాపాడుటకు 2023లో చట్టమే వచ్చినది.

నాలుగవది, కొనినవారి మాట. సరుకు నచ్చినవారిని నాలుగు మాటలు వ్రాయుమని అడుగుట తప్పు కాదు. డబ్బిచ్చి వ్రాయించుకొనుట, చుట్టములచేత కొననిది కొన్నట్లు వ్రాయించుట మాత్రము మోసము. ఇంటర్నెట్ సమీక్షలు నిజాయితీగా ఉండవలెనని 2022లో మన దేశ ప్రమాణముల సంస్థ ఒక ప్రమాణమును కూడ వెలువరించినది.

"నెలకు ఇంత ఇచ్చినయెడల గూగుల్‌లో మొదటి స్థానము మీదే" అని చెప్పువారు ఫోను చేయుచుందురు. మొదటి స్థానమునకు ఎవరును పూచీ ఇయ్యలేరని గూగుల్ సంస్థయే చెప్పుచున్నది. డబ్బు కట్టి ప్రకటన ఇచ్చుకొనుట వేరు. అది ప్రకటన అను గుర్తుతోనే కనబడును. మరియు సరుకు కొందుమని ఫోను చేసి, "డబ్బు పంపుచున్నాము, మీ పిన్ నొక్కండి" అను వారును గలరు. యూపీఐలో డబ్బు పుచ్చుకొనుటకు పిన్ అక్కరలేదు. మోసపోయినయెడల ఆలస్యము చేయక 1930 నంబరుకు ఫోను చేయవలెను.

సహాయము చేయు యౌవనస్థులకు

చదువుకొన్న తమ్ముళ్లకును చెల్లెళ్లకును మా మనవి. మీ ఊరిలో ఒక్కరికి మీరు ఈ సహాయము చేయగలరు. అయితే ముందుగా వారికి సైటు నిజముగా అవసరమా అని అడుగుడి. ఊరిలోని వారికే పాలు పోయు కుటుంబమునకు సైటు అక్కరలేదు. మ్యాపులో పేరు, వాట్సాప్ నంబరు చాలును. నెలకు పది బల్లగుడ్డలు మాత్రమే అల్లగల స్త్రీకి వంద ఆర్డర్లు తెచ్చిపెట్టుట కూడ మేలు కాదు. ఆమె చేతికి ఎంత పని పట్టునో తెలిసికొని, పేజీలో "పంపుటకు మూడు వారములు పట్టును" అని ఉన్నదున్నట్లు వ్రాయుడి.

పని ముగిసిన దినమున ఒక కాగితము మీద అయిదు సంగతులు వ్రాసి వారి చేతికి ఇయ్యుడి: డొమైన్ పేరు, అది తీసికొన్న చోటు, ఖాతా ఏ ఈమెయిలు మీద ఉన్నది, గడువు తేదీ, హోస్టింగ్ ఉన్న చోటు. పాస్‌వర్డును వారిచేతనే మార్పించి, వారు వేరుగా భద్రపరచుకొనునట్లు చూడుడి. ధర మార్చుట, ఫోటో మార్చుట మీరు ప్రక్కన కూర్చుండి వారిచేతనే రెండుమారులు చేయించుడి. మీరు రేపు ఉద్యోగమునకు వేరే ఊరు పోయినను ఆ పేజీ నిలువవలెను.

పెద్దలకును మా మనవి యొకటి గలదు. "మాకు ఇవన్నీ ఏమి తెలియును, వాడే చూచుకొనును" అని అనవద్దు. ఫోను చూచుట మీకు రానియెడల ఇంటిలో ఎనిమిదవ తరగతి చదువు మనుమరాలిని ప్రక్కన కూర్చుండబెట్టుకొనుడి. వంద సంవత్సరములకు పైగా డెల్టా స్త్రీలు దూరదేశముల బల్లల కొరకు లేసు అల్లినను, ఆ బల్లలు ఎవరివో వారిలో అనేకులు ఎరుగకపోయిరి. వారి మనుమరాండ్రకు ఆ కొనువారి పేరు, ఊరు, వారు ఇచ్చిన ధర తెలియు మార్గము నేడు ఉన్నది. దానికి అగు ఖర్చు సంవత్సరమునకు కొన్ని వందల రూపాయలు, నాలుగు సాయంకాలముల ఓపిక. తాళము మాత్రము వారి కొంగుననే ముడివేసి ఇయ్యుడి.